బ్యాండు భూమయ్య చెప్పిన తొవ్వలు

డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు చివర ఆర్నెల్లు ఏదో ఒక దవాఖానలో మిషన్ల దగ్గర నిలబడి పని నేర్చుకోవాలి. సుమన దోస్తులందరికీ హైదరాబాదులోనే వచ్చింది. మెదక్ ఒక్క సుమనకే పడింది.

ఆమెది అచ్చంపేట పక్కన చిన్న ఊరు. మెదక్ ఎటువైపు ఉందో కూడా సరిగ్గా తెలియదు. "ఆర్నెల్లెంత బిడ్డా, ఇట్ల పోయి అట్ల వస్తవ్," అన్నది తల్లి ఫోనులో. బతుకమ్మ పండుగ అయిపోయిన వారం, కాచిగూడలో రైలెక్కి మెదక్‌లో దిగింది. రైలు ఇంక ముందుకు పోదు. పట్టాలు అక్కడితో అయిపోతాయి. దిగినవాళ్లందరికీ తీసుకుపోవడానికి ఎవరో ఒకరు వచ్చారు. సుమన తన సంచి తనే మోసుకుంటూ ఆటో కోసం బయటికి నడిచింది.

నవాపేటలో ఒక ఇంటి మీది గది కిరాయికి దొరికింది. ఇంటామె వజ్రమ్మ మంచిదే. కానీ మాట్లాడే మనిషి కాదు. "నీళ్లు పొద్దుగాలనే పట్టుకో. గేటు ఏసుడు మర్సిపోకు," అని మొదటిరోజు చెప్పింది. ఆ తర్వాత ఎదురుపడితే తల ఊపడం తప్ప ఇంకో మాట లేదు. సాయంత్రం డ్యూటీ దిగి వస్తే మళ్లీ తెల్లారేదాకా సుమనతో మాట్లాడేవాళ్లు లేరు. కింద వజ్రమ్మ ఇంట్లో సీరియల్ మాటలు పైదాకా వినిపించేవి. సుమన కిరాణా కొట్టుకు పోయి, తనకు అక్కరలేని వస్తువుల ధర కూడా అడిగేది. ఒక ఆదివారం సాయంత్రం తల్లి ఫోను చేస్తే "హలో" అనబోయింది. గొంతు పెగలలేదు. శనివారం డ్యూటీ దిగినప్పటి నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"గొంతేందే గట్లున్నది? సర్ది అయిందా?" అన్నది తల్లి.

"ఆఁ, జర సర్ది," అన్నది సుమన.

డయాలసిస్ వార్డు చల్లగా, నిశ్శబ్దంగా ఉండేది. రోగులు వారానికి మూడుసార్లు వస్తారు. చేతికి రెండు సూదులు పెట్టించుకుని నాలుగు గంటలు పడుకుంటారు. ఒంట్లోని రక్తం మిషన్‌లోకి పోయి శుభ్రమై తిరిగి వస్తుంటే కొందరు టీవీ చూస్తారు, చాలామంది కళ్లు మూసుకుంటారు. సుమన ఇంకా నేర్చుకునే పిల్ల కాబట్టి సూదులు పెట్టనివ్వరు. బరువు చూడడం, బీపీ చూడడం, మిషన్ సిద్ధం చేయడం ఆమె పని. సీనియర్ టెక్నీషియన్ నగేష్ సార్ పని బాగా నేర్పేవాడు. పని మాటలే మాట్లాడేవాడు.

కిటికీ పక్క మంచం భూమయ్యది. యాభై దాటిన మనిషి, పొడుగాటివాడు. ఒళ్లంతా చిక్కినా బుగ్గలు మాత్రం వదులుగా వేలాడేవి. వెంట భార్య ఆగమ్మ వచ్చి, నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చునేది.

ఒక సోమవారం సుమన ఆయన బీపీ చూస్తోంది.

"నిన్న సెలవు గదా బిడ్డా. ఏం జేసినవ్?" అన్నాడు భూమయ్య.

"రూంల ఉన్న కాకా."

"పొద్దంత?"

"బట్టలు పిండుకున్న."

"ఆ ముందటి ఆదివారం?"

సుమనకు నవ్వొచ్చింది. "అప్పుడు గూడ బట్టలే."

"ఊరికి వచ్చి నెల కావస్తుంది. చర్చి చూసినవా? ఖిల్లా ఎక్కినవా?"

"ఒక్కదాన్నే ఏం పోతా కాకా?"

భూమయ్య దిండు మీద తల ఆమె వైపు తిప్పాడు. "నేను బ్యాండుల క్లారినెట్ ఊదిన బిడ్డా. మీసాలు రాకముందే పట్టుకున్న, గీ కిడ్నీలు పోయినంకనే ఇడిసిన. ఈ ఊర్ల నేను నడవని గల్లీ లేదు. పెండ్లిపిల్లగాడు కార్ల కూసుంటడు, మేం ముందట నడుస్తుంటిమి. నీకు తొవ్వ నేను చెప్త. నువ్వు పోయి చూసి రా. వచ్చి నాకు చెప్పు."

"నీకెందుకు కాకా, నీకన్నీ తెలుసు గదా?"

"నేను చూసి ఏండ్లయింది. ఈడ కిరాయి రూం ఇడిసిపెట్టి హవేలిఘనపూర్‌ల తమ్ముని ఇంటికి పోయినం. ఆటోల వస్తున్న, ఆటోల పోతున్న. పోయేటప్పుడైతే కండ్లు గూడ తెరవలేను."

అట్లా మొదలైంది. తర్వాతి ఆదివారం సుమన రాందాస్ చౌరస్తా దగ్గర నిలబడి, భూమయ్య చెప్పింది మనసులో అనుకుంది. కుడిచేతి బజారు, ఇత్తడి గిన్నెల దుకాణం, దాని పక్క సందు, సందు దాటితే సినిమా హాలు. ఒంటరిగా నడుస్తుంటే అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది. ఫోను చెవికి పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు "ఆఁ, ఆఁ, వస్తున్న," అంటూ నడిచింది. గిన్నెల దుకాణం ఉంది. సందు ఉంది. సినిమా హాలు ఉండాల్సిన చోట మూడంతస్తుల బట్టల దుకాణం ఉంది.

సోమవారం భయపడుతూ చెప్పింది. "కాకా, హాలు లేదు. కూలగొట్టిండ్రు."

భూమయ్య మొహంలో బాధ కనిపిస్తుందేమో అనుకుంది. ఆయన నవ్వాడు. "పోనీ తియ్యి. మస్తు నల్లులుండె గా హాల్ల. ఒక్క సినిమా సూస్తె వారం గోక్కుంటుంటిమి. గిన్నెల దుకాణంల ముసలాయన కూసున్నడా?"

"ఎవరో పడుసాయన ఉన్నడు."

"కొడుకై ఉంటడు," అని కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక తొవ్వ. ఆజంపురలో చెక్క మేడలున్న వీధి. జంబికుంట వైపు రోడ్డు మలుపులో పొద్దున పూట మాత్రమే దొరికే వేడి పూరీలు. క్రిస్మస్ రోజుల్లో చర్చికి పోయింది. ఎక్కడెక్కడి నుంచో బస్సులు వేసుకుని వచ్చిన జనం. లోపలి రంగుటద్దాల వెలుగు నేల మీద పడుతుంటే, ఆ వెలుగులో పిల్లలను నిలబెట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకామె సుమన చేతికి ఫోనిచ్చి "జర మా అందర్ని తీస్తరా," అన్నది. సుమన తీసింది. తర్వాత ఇంకో కుటుంబం అడిగింది. ఆ రోజు చాలామందికి ఫోటోలు తీసింది. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. సోమవారం భూమయ్యకు చర్చి సంగతంతా చెప్పింది. ఫోటోల సంగతి మాత్రం చెప్పలేదు.

సంక్రాంతి పోయాక ఒకరోజు భూమయ్య, "ఇది జర వేరే తీరు తొవ్వ," అన్నాడు. "చౌరస్తా ఎనకాల ఒక సన్న గల్లీ. అందుల పచ్చ దర్వాజ ఇల్లు ఒకటుండె. గా ఇల్లు రాంగనే మేం బ్యాండు బందువెట్టి సప్పుడుజెయ్యక నడుస్తుంటిమి. పది ఇండ్లు దాటినంక మళ్ల ఊదుతుంటిమి."

"ఎందుకు కాకా?"

"గా ఇంటామె కొడుకు పెండ్లి ఖాయమైనంక లారీ కింద పడి చచ్చిపోయిండు. గా పెండ్లికి బయాన పైసలు తీసుకున్నది మేమే. వాపసిచ్చినం. తర్వాత గా గల్లీల ఎవలి బారాత్ వోయినా, మా బ్యాండు మేస్త్రి చెయ్యి లేపుతుండె, మేం ఆపుతుంటిమి. ఎవలూ చెప్పలె మాకు. పెండ్లోళ్లు అడిగితె, ఊపిరి తీసుకుంటున్నం అంటుంటిమి."

ఆదివారం సుమన ఆ గల్లీకి పోయింది. రంగు వెలిసిపోయినా దర్వాజ పచ్చదే. ఇంటి ముందరి గద్దె మీద ముసలామె కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. సుమన ముందుకు పోకుండా అక్కడే ఆగింది.

"ఎవలు గావాలె బిడ్డా?"

"ఎవలు లేరమ్మా. ఊకెనే ఊరు చూస్తున్న. నేను దవాఖానల ట్రైనింగ్‌కు వచ్చిన."

"గీ గల్లీల ఏమున్నదని సూస్తున్నవ్?" అని ముసలామె జరిగి చోటిచ్చింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. సుమన కూర్చుని తనూ రెండు కాయలు చేతిలోకి తీసుకుంది. ముసలామె సుమన ఊరి సంగతులు అడిగింది, తల్లిదండ్రుల సంగతి అడిగింది, అన్నం ఎవరు వండి పెడుతున్నారని అడిగింది. తన సంగతి ఒక్కటీ చెప్పలేదు. సుమన అడగలేదు. కాయలు అయిపోయేదాకా కూర్చుంది. మెదక్ వచ్చాక ఒక ఇంటి ముందు అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి.

లేచేటప్పుడు ముసలామె, "ఈ గల్లీ జర సల్లగ ఉంటది బిడ్డా. బారాతులొచ్చినా లొల్లి ఉండది," అన్నది.

సోమవారం సుమన ఈ మాట భూమయ్యకు చెప్పింది. మిషన్ సన్నగా చప్పుడు చేస్తోంది.

"ఆమె ఉన్నదా ఇంక," అన్నాడు భూమయ్య. "నేనెప్పుడు ఆమెతోని మాట్లాడలె బిడ్డా. గన్నేండ్లు గామె ఇంటి ముందటికెళ్లి పోయిన. నీళ్లిచ్చిందా?"

"ఇచ్చింది. మళ్ల రమ్మన్నది."

"పో మరి. అప్పుడప్పుడు పో."

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం భూమయ్య రాలేదు. మంచం ఖాళీగా ఉంది. ఒక్కరోజు తప్పినా ఒంట్లో నీరు చేరుతుంది. సుమన పొద్దంతా తలుపు వైపే చూసింది. మధ్యాహ్నం ఆగమ్మ ఒక్కతే వచ్చింది, కాయితాల కోసం. సుమన ఆమె దగ్గరికి ఉరికినట్టే పోయింది.

"కాకాకేమైంది చిన్నమ్మా?"

"ఏం గాలె బిడ్డా. సిద్దిపేటల మా బిడ్డ ఇంటికి తీస్కపోయినం. గాడ దవాఖాన ఇంటికి దగ్గరనే ఉన్నది. ఆటోకు ఆటోకు ఆయన పానం ఆగమైతుంది. ఒక్కసారిగ్గ అయిపోయింది, నీకు చెప్పనీకె గూడ సందు దొరకలె." ఆగమ్మ కొంగు సవరించుకుంది. "ఇంటికాడ నీ ముచ్చటే చెప్తుండె. ఒక్కతే రూంల కూసుంటదని రంది ఆయనకు."

సుమన ఏదో చెప్పబోయి "మందులు టైంకు ఏసుకోమను," అన్నది.

సోమవారం ఆ మంచం మీదికి శంకరంపేట నుంచి వేరే ఆయన వచ్చాడు. సూదులు పెట్టించుకుని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

తర్వాతి ఆదివారం తొవ్వ చెప్పేవాళ్లు లేకపోయినా సుమన బయలుదేరింది. ఇన్నాళ్లూ మిగిలింది ఖిల్లా ఒక్కటే. పైకి పోతుంటే దర్వాజలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, రాళ్లు ఎండకు కాలుతున్నాయి. కొత్తగా పెళ్లయిన జంటలు, కాలేజీ పిల్లలు గుంపులుగా ఉన్నారు. ఆమె అందరినీ దాటి పైదాకా పోయి గోడ పక్కన నిలబడింది. కింద ఊరంతా పరిచినట్టు ఉంది. చర్చి గోపురం, చౌరస్తా, బట్టల దుకాణం మీది పెద్ద బోర్డు. దాని వెనకాల ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ల మధ్య, పచ్చ దర్వాజ గల్లీ ఎక్కడుందో కూడా వేలు పెట్టి చూపించగలదు. ఎవరికి చూపించాలో తెలియలేదు. దోస్తుల గ్రూపులో ఒక ఫోటో పెట్టింది. "వావ్, ఎక్కడే అది?" అని ఒకామె అడిగింది. సుమన "మెదక్" అని రాసింది. అంతే, ఆ తర్వాత మాటలు వేరే సంగతి మీదికి పోయాయి.

దిగి వచ్చి ఆగమ్మ నంబరుకు ఫోను చేసింది. భూమయ్యే మాట్లాడాడు. గొంతు సన్నగా ఉంది.

"ఖిల్లా ఎక్కిన కాకా."

"మంచిగ జేసినవ్. గాలి మంచిగున్నదా పైన?"

"మంచిగున్నది. సిద్దిపేట ఎట్లున్నది కాకా?"

"ఏం తెల్సు బిడ్డా. ఇంట్ల కూసుంటున్న. బయటికి పోతె మళ్ల ఇల్లు దొరుకుతదో లేదో. ఒక్క గల్లీ ఎరక లేదు, ఒక్క మనిషి ఎరక లేడు. పొద్దు పోతలేదు."

మార్చి చివర్లో ట్రైనింగ్ అయిపోయింది. ఊరికి పోయే ముందు రోజు పచ్చ దర్వాజ ఇంటికి పోయి ముసలామెకు చెప్పి వచ్చింది. మర్నాడు పొద్దున హైదరాబాదు రైలు ఎక్కలేదు. సంచి తీసుకుని సిద్దిపేట బస్సెక్కింది.

భూమయ్య ఇంకా చిక్కిపోయాడు. పాదాలు వాచి ఉన్నాయి. ఆమెను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. ఆగమ్మ చాయ్ పెట్టింది. కాసేపయ్యాక సుమనే అడిగింది. "జర బయటికి పోదామా కాకా?"

"గీ కాళ్లతోని ఏడికి తీస్కపోతవే ఆయనను?" అన్నది ఆగమ్మ. అంటూనే చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

మెల్లగా నడిచారు. నాలుగు ఇళ్లు దాటి ఒక మూసిన దుకాణం మెట్టు మీద భూమయ్య కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. వచ్చేపోయేవాళ్లు ఆయనను దాటుకుని పోతున్నారు. ఎవరూ పలకరించలేదు. మెదక్‌లో అయితే చౌరస్తా దాటకముందే "భూమన్నా" అని ఎవరో ఒకరు పిలిచేవాళ్లు.

"గా మలుపు అవుతల ఏమున్నదో సూసి రా పో," అన్నాడు. "నేనీడ్నే కూసుంట."

సుమన మలుపు దాకా పోయి చూసి వచ్చి, ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. "పిండి గిర్ని ఉన్నది కాకా. దాని పక్కకు మంగలి దుకాణం. తర్వాత ఖాళీ జాగ, అందుల ఇసుక కుప్ప. అటెనుక పెద్ద రోడ్డు."

"మంగలాయన ఎట్లున్నడు, పెద్దమనిషా?"

"నీ అంతే ఉంటడు. ఒక్కడే కూసోని పేపర్ చదువుతుండు."

"రేపు పోతా అయితే. గడ్డం పెరిగింది," అన్నాడు భూమయ్య గడ్డం తడుముకుంటూ.

ఆమె బస్సెక్కేసరికి సాయంత్రమైంది. ఇప్పుడు సుమన కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో పని చేస్తోంది. సూదులు తనే పెడుతుంది. గది నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి గదికి. కొత్త ఊరు. ఇంకా దోస్తులెవరూ కాలేదు. సెలవు రోజు మాత్రం బట్టలు పొద్దున్నే పిండేసి, ఏదో ఒక గల్లీ పట్టుకుని నడుస్తుంది. ఫోను చెవి దగ్గర కాదు, సంచిలోనే ఉంటుంది.