అవ్వ ముద్ద ఎత్తని వారం

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏమీ ఉండదు కదా. వృద్ధుల సేవలో ఆర్నెల్ల శిక్షణ పూర్తిచేసి, సర్టిఫికెట్‌కు ప్లాస్టిక్ తొడిగించుకుని, మోత్కూర్‌లో ఒక చిన్న ఆశ్రమంలో ఉద్యోగానికి చేరాను. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోకండి. కిరాయికి తీసుకున్న నాలుగు గదుల ఇల్లు, ఆరుగురు ముసలివాళ్లు, వంటామె, నేను, మా అందరి మీదా ఆ ఇల్లు నడిపే రిటైర్డ్ నర్సు. ఆమెను పెద్ద సిస్టర్ అనేవాళ్లు. (నన్ను చిన్న సిస్టర్ అంటారని ఆశపడ్డాను. "ఓ పిల్లా" అనేవాళ్లు.)

చేరిన రెండో రోజే ఒక సంస్కరణ చేపట్టాను. అంతకుముందు అక్కడ ఎవరికి తోచినప్పుడు వాళ్లు తినేవాళ్లు. నాకది పద్ధతిగా అనిపించలేదు. అందరూ ఒకేసారి కూర్చోవాలి, వయసులో పెద్దవాళ్లకు మొదట వడ్డించాలి, వాళ్లు ముద్ద ఎత్తాకే మిగతావాళ్లు కంచంలో చెయ్యి పెట్టాలి అని నియమం పెట్టాను. అందరిలోకి పెద్దది అవ్వ. ఎనభై దాటిన మనిషి. పద్నాలుగు మంది ఉన్న ఇంటికి, జీతగాళ్లతో సహా, యాభై ఏళ్లు వండిపెట్టి వచ్చింది. ఆమె ముందు కంచం పెట్టి పక్కనే పోలీసులా నిలబడేదాన్ని. అవ్వ అన్నం కలిపేది, చుట్టూ ఉన్న ఖాళీ చేతుల్ని చూసేది, కంచం జరిపేసేది. "ఆకలైతలేదు బిడ్డా." నేను నిట్టూర్చి ఆ కంచం తీసేసి, అప్పుడు మిగతావాళ్లకు "ఇక మీరు తినండి" అని సెలవిచ్చేదాన్ని.

వారం తిరిగేసరికి అవ్వ పాలు, బిస్కెట్ల మీదే ఉంది. తూకం తగ్గింది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. డాక్టరు వచ్చి చూసి, "ఇంకో రెండు రోజులు గిట్లనే ఉంటె నల్లగొండ దవాఖానకు తీస్కపోవాలె. ముక్కుల పైపేస్తరు" అన్నాడు. అవ్వ నా చున్నీ గట్టిగా పట్టుకుంది. "నన్ను యాడికి పంపకు బిడ్డా. ఈడనే ఉంట." ఇక చదువంతా ఆమె మీద ప్రయోగించాను. గుడ్డు ఉడికించాను, జొన్న గటక చేయించాను, బతిమాలాను, కసిరాను, చివరికి ఏడ్చాను. అవ్వ నా కళ్లు తుడిచింది గానీ నోరు తెరవలేదు.

మర్నాడు మధ్యాహ్నం చాచా ఇక ఆగలేకపోయాడు. (ఆ ఆరుగురిలో ఒకడు, ఒకప్పటి దర్జీ, షుగర్ మనిషి. నా నియమం వల్ల రోజూ ఆకలికి అల్లాడేవాడు.) "అరె బేటీ, నీ సదువు సల్లగుండ! మా అమ్మీ గూడ గింతే. ఇంట్ల అందరు తిన్నంకనే తినేది. ఎదురుంగ మమ్ముల ఉపాసం కూసోబెట్టి ఆమెను తినుమంటె ఎట్ల తింటది? జర గా గంటె ఆమె చేతికియ్యి."

సర్టిఫికెట్ ఉన్నదాన్ని, దర్జీ మాట వినాలా అనిపించింది. అయినా పైపు గుర్తొచ్చి వడ్డించే గంటె అవ్వకిచ్చి, భుజం పట్టి నడిపించాను. అవ్వ చెయ్యి వణికి చారు సగం కంచంలో, సగం చాచా లుంగీ మీద పడింది. "ఫికర్ లేదు, పొయ్యమ్మా" అన్నాడాయన. ఐదుగురూ కడుపునిండా తిన్నారు. అవ్వ ప్రతి కంచంలోకీ తొంగిచూసి, వద్దన్నవాళ్లకు కూడా ఇంకో గంటె వేసింది. అప్పుడు ఆమెకు వడ్డించి పక్కనే నిలబడ్డాను. అవ్వ అన్నం కలిపి, ఆగి, నా వైపు చూసింది.

"నువ్వు తిన్నవా?"

"డ్యూటీల తినద్దవ్వా. తర్వాత తింట."

"గట్లైతె నేను గూడ తర్వాతనే తింట."

వంటామె నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నేను అక్కడే చతికిలబడి, అవ్వ వడ్డించిందంతా కన్నీళ్లతో కలిపి తిన్నాను. నా కంచం ఖాళీ అయ్యాక ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత రెండోది. మారు అన్నం తనే అడిగి వేయించుకుంది. నా జన్మలో అంత సంతోషంగా ఎవరికీ వడ్డించలేదు. నల్లగొండ ప్రయాణం తప్పింది. అవ్వ ఇంకో నాలుగేళ్లు ఆ ఇంట్లోనే ఉంది, నా నియమం మాత్రం ఆ పూటే పోయింది.

ఇప్పుడు ఆలేరులో అలాంటి ఇల్లొకటి నేనే నడుపుతున్నాను. మొన్న మధ్యాహ్నం, కొత్తగా చేరిన పిల్ల నా ముందు కంచం పెట్టి, "మేడం, రెండైతాంది. జర తినుర్రి" అంది.

"మీరంత తిన్నరా?" అన్నాను.

ఆ పిల్ల నన్ను అనుమానంగా చూసి, "ఆకలైతలేదా మేడం? షుగర్ చూడాల్నా?" అంటూ మిషన్ పట్టుకొచ్చింది. కోప్పడదామని నోరు తెరిచాను. ఇరవై రెండేళ్ల నన్ను ఆ ఇంట్లో ఎవరూ కోప్పడలేదని గుర్తొచ్చి, నవ్వుకుంటూ వేలు చాపాను.