కుడి పక్కకు తిరిగితే దొరికిన జబ్బు

రాయచూరు మార్కెట్ గంజ్‌లో నాది కొనుగోలు దుకాణం. రైతులు తెచ్చిన పల్లికాయ రాశుల్ని హర్రాజులో, అంటే వేలంలో, పాడి కొంటాం. గాలి అనుకూలిస్తే నా గొంతు మట్మారి ఊరి దాకా వినిపిస్తుందని ఊళ్లో ప్రతీతి. ప్రచారం చేసింది నేనే. అంతటి గొంతు ఒక ఉదయం పాట మధ్యలో ఆగిపోయింది. ధర నాలుక మీదే ఉంది, దాన్ని బయటికి నెట్టడానికి ఊపిరి లేదు. కొండంత రాశి పక్క దుకాణం బసప్పకు పోయింది.

"ఏంది సావుకారు, ఇయ్యాల మౌనవ్రతమా?" అన్నాడు వాడు.

మా వీధి డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోప్ ఆనించి, ఒక యుగం పాటు ధ్యానంలోకి వెళ్లి వచ్చాడు. "గుండెలో మర్మర్, అంటే అదనపు చప్పుడు వినిపిస్తోంది. వాల్వ్‌లో ఏదో తేడా. ఎకో తీయించండి."

ఎకోకు భయపడాల్సిందేమీ లేదు. హిమాలయం నుంచి తెచ్చినంత చల్లటి జెల్ పూసి, ప్రోబ్ ఆనించి, గుండెను తెర మీద చూస్తారు. నన్ను ఎడమ పక్కకు పడుకోబెట్టారు. కాసేపటికి ఎకో తీసే అమ్మాయి, "సార్, ఇప్పుడు కుడి పక్కకు తిరగండి. అటు దిక్కు నుంచి గూడ సూడాలె," అంది.

అవతల హర్రాజు వేళవుతోంది. బసప్ప మీద పగ తీర్చుకోవాలి.

"గుండె ఎడమ దిక్కే గదమ్మా ఉండేది! సూసిన కాడికి రాసియ్యి," అని జెల్ తుడుచుకుంటూ లేచాను.

"పూర్తి గాలే సార్!" అని ఆమె అంటూనే ఉంది.

అయోర్టిక్ స్టెనోసిస్, మోడరేట్ అని వచ్చింది. గుండె నుంచి రక్తం బయటికి పోయే ద్వారం ఇరుకైంది, మరీ ఇరుకు కాలేదు అని అర్థం. "ఇప్పుడే ఆపరేషన్ అవసరం లేదు. ఆయాసం పెరిగితే మాత్రం వెంటనే రండి," అన్నాడు డాక్టరు. నా చెవులు మొదటి వాక్యం దగ్గరే మూసుకున్నాయి. ఆ సాయంత్రం వీధి వీధంతటికీ మిర్చి బజ్జీలు పంచి సగం రాయచూరుకు ఎసిడిటీ తెప్పించాను.

ఆయాసం ఆ రిపోర్టును లెక్కచేయలేదు. మా ఇంటి మేడమెట్లు రాయచూరు కోటంత ఎత్తు పెరిగాయి. ఒకరోజు కళ్లు తిరిగి పల్లికాయ రాశి మీదే కూలబడ్డాను. మా ఆవిడ సరోజ ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది.

"పల్లికాయ కొనేటప్పుడు రాశిల ఒక్క దిక్కే చెయ్యి వెట్టి ధర కడ్తరా మీరు?"

"ఎట్ల కడ్త? నాలుగు దిక్కుల తీసి సూస్త గద."

"మరి గుండె పల్లికాయ కన్న అగ్గువనా?"

మర్నాడే హైదరాబాదు బస్సెక్కించింది. అక్కడి కార్డియాలజిస్ట్ నన్ను కుడి పక్కకు తిప్పి, రొమ్ము ఎముకకు కుడివైపున ప్రోబ్ నొక్కాడు. ఆయన చెప్పినట్టే కదలకుండా పడుకున్నాను, చరిత్రలో మొదటిసారి.

"ఇరుకు సందులోంచి రక్తం ఎంత జోరుగా దూకితే జబ్బు అంత ముదిరినట్టు," అన్నాడు. "ఆ ధారకు సూటిగా ప్రోబ్ పెడితేనే అసలు వేగం దొరుకుతుంది. సెకనుకు నాలుగు మీటర్లు దాటితే సివియర్. మీకు ఎడమవైపు నుంచి మూడున్నరే కనిపిస్తోంది, ఇటు నుంచి నాలుగున్నర దాటింది. ఆపరేషన్ తప్పదు."

"ఆపరేషన్ వాయిదా వేస్తే?" అన్నాను.

"ఈసారి కూలబడితే లేవకపోవచ్చు."

సీటీ స్కాన్ కూడా అదే మాట చెప్పింది. మూడు రెక్కలుండాల్సిన నా వాల్వ్‌కు పుట్టుకతోనే రెండే ఇచ్చి, వాటి మీద ఇల్లు వెల్లవేసేంత కాల్షియం పేర్చి పెట్టాడట భగవంతుడు.

ఛాతీ తెరిచి లోహపు వాల్వ్ పెట్టారు. వార్డుకు వచ్చాక గుండె లయ తప్పితే మళ్లీ ఐసీయూకి తీసుకెళ్లారు. ఆ రాత్రి నాకు ఒక్క జోకూ తోచలేదు. మందులతో లయ కుదుటపడింది.

ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్‌ఫరిన్ వేసుకుంటాను, ఆ మందు మోతాదు సరిచూసే ఐఎన్ఆర్ పరీక్ష చెప్పినప్పుడల్లా చేయించుకుంటాను. పడుకుంటే ఛాతీలో టిక్ టిక్ వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటేనే తనకు నిద్ర పడుతుందని సరోజ అంటుంది.

మీకు నేను చెప్పేది ఒకటే. ఎకో రోజున వేరే పని పెట్టుకోకండి, ఎటు తిరగమంటే అటు తిరగండి. రిపోర్టు బాగున్నా ఆయాసం తగ్గకపోతే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మొన్న చెకప్‌కు రాయచూరులో ఎకోకు వెళ్తే అదే అమ్మాయి. ఆమె జెల్ డబ్బా అందుకునే లోపే కుడి పక్కకు తిరిగి బిగుసుకున్నాను.

"సార్, ఆగండి!" అంది నవ్వుతూ. "ముందు ఎడమ దిక్కు."