సస్పెన్స్‌లో చెప్పిన సాక్ష్యం

దేవునికి స్తోత్రం. ఊపిరి ఇచ్చి, దాన్ని ఇన్నేళ్ళు ఆగకుండా నడిపిస్తూ, మధ్యమధ్య నవ్వుకోవడానికి కూడా కాస్త మిగులుస్తున్న ఆ ప్రభువుకే మహిమ. నేను బాగానే ఉన్నాను, ఈ కథలో ఎవరూ చనిపోరు. ఆ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచుకుంటే ఏమవుతుందో నాకు ఒకసారి బాగా తెలిసొచ్చింది.

ఆ కరోనా రోజుల్లో మనిషికి పులి కంటే దగ్గంటే ఎక్కువ భయం. జర్మన్ నగరం ఆకెన్‌లో బస్సెక్కి గొంతు సవరించుకుంటే చాలు, చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ అయ్యేవి. నేను అక్కడ ఇంజినీరింగ్ మాస్టర్స్ చదువుతున్నాను. క్లాసులు లాప్‌టాప్‌లో, పరీక్షలు లాప్‌టాప్‌లో, ఆదివారం ఆరాధన కూడా లాప్‌టాప్‌లోనే. ఫ్లాట్‌లో నాతో ఉండే వరంగల్ కుర్రాణ్ణి అందరం డైరెక్టర్ అనేవాళ్ళం. చదివేది ఎలక్ట్రికల్, ప్రాణమంతా సినిమా. వాడు నన్ను పాస్టర్ అని పిలిచేవాడు (నేను పాస్టర్ని కాను, అన్నం ముందు కళ్ళు మూసుకుంటానని ఆ బిరుదు). ప్రేక్షకుల గుండెలు దడదడలాడించడమే పనిగా బతికి, ఎప్పుడో వెళ్ళిపోయిన ఒక పాతకాలపు సస్పెన్స్ దర్శకుడు వాడికి గురువు. లావుపాటి బట్టతల మనిషి. తన ప్రతి సినిమాలోనూ ఒక్క క్షణం దారినపోయేవాడిలా కనిపించి పోతాడట.

ఒంగోలులో మా సండే స్కూల్ పెంపకంలో సినిమా హాలు వైపు చూడటమే తప్పు. అలాంటిది నాకు జ్వరం వచ్చి ఇద్దరం గదుల్లో బందీలమైనప్పుడు, వాడు తన లాప్‌టాప్‌ని వరండాలో స్టూలు మీద పెట్టి, రెండు తలుపులూ తెరిచి, ఆ నలుపు తెలుపు బొమ్మలు వేసేవాడు. మొదటి రోజు కళ్ళు మూసుకున్నాను. రెండో రోజు చేతులు అడ్డం పెట్టుకున్నాను, వేళ్ళ మధ్య సందులతో. ఆ తర్వాత దుప్పటి కప్పుకుని బుద్ధిగా చూశాను. వాడు తన గదిలోంచే పాఠం చెప్పేవాడు. ఆయన సినిమాల్లో ఏ పాపం ఎరగని మామూలు మనిషి తనది కాని గొడవలో ఇరుక్కుంటాడు, ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు, పోలీసు అంటే హడలు, తల్లి అంటే ఇంకా హడలు, మెట్లు ఊరికే ఎక్కడానికి ఉండవు. అన్నిటికంటే పెద్ద కిటుకు వేరే ఉందన్నాడు.

"కుర్చీ కాలు విరిగిందని మనకు తెల్వాలె, వాడికి తెల్వొద్దు. వాడు కూసోబోతడు, ఫోన్ మోగుతది, లేస్తడు. మళ్ళ కూసోబోతడు. అప్పుడు నీ పానం ఏమైతది పాస్టర్? గదీ సస్పెన్స్."

నిజమే అనిపించింది. పడవ అడుగున నిద్రపోతున్న ప్రవక్త కథలోనూ తుఫాను సంగతి మనకి ముందు తెలుస్తుంది, ఆయనకి తెలీదు. లేఖనాల్లో ఉన్నదే కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

జ్వరం సంగతి ఇంటికీ, ఆదివారాలు ఆన్‌లైన్‌లో ఆరాధనకి కలిసే మా సహవాసానికీ చెప్పలేదు, కంగారు పడతారని. దేవుని దయవల్ల తగ్గింది. ఆరోగ్య శాఖవాళ్ళు ఫోన్ చేసి ఇక బయట తిరగొచ్చన్నారు. సోమవారం పొద్దున థీసిస్ ల్యాబ్‌లో చేరాలి. లోపలికి కొద్దిమందినే రానిస్తున్నారు కాబట్టి, ఆ రోజు రాకపోతే చోటు తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తానని ప్రొఫెసర్ ముందే రాశాడు. అది పోతే ఇంకో సెమిస్టరు ఆగాలి, నా వీసా అంతకాలం లేదు. ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం, మా తెలుగు సహవాసంలో సాక్ష్యం చెప్పే వంతు నాది. ఎష్‌బోర్న్ అనే ఊళ్ళో ఐటీ ఉద్యోగం చేసే ఒకాయన, మా అందరికీ అన్నయ్య, దాన్ని నడిపేవాడు. ఆయన భార్యని అక్క అనేవాళ్ళం, ఆమె పాటలు చూసేది. విమానాలు ఆగిపోయి అల్లుడి ఇంట్లో ఉండిపోయిన అక్కవాళ్ళ అమ్మ, మా అందరికీ పెద్దమ్మ, సోఫాలో ముందు కూర్చునేది.

మా సాక్ష్యాల పద్ధతి మీకు తెలిసిందే. "జబ్బు చేసింది, దేవుడు బాగుచేశాడు, స్తోత్రం" అని మొదటే చెప్పి, వివరాలు తర్వాత చెబుతాం. నేను రాసుకున్నది డైరెక్టర్‌కి వినిపిస్తే వాడు తల పట్టుకున్నాడు.

"ముందుగాలనే బతికిన అంటివి. ఇగ వినుడెందుకు? అయిపోయినట్టు చెప్పకు, ఇప్పుడే అయితున్నట్టు చెప్పు."

అంతటితో ఆగలేదు. కిటికీ షట్టర్లు దించి గది చీకటి చేశాడు, నా మొహం మీదికి టేబుల్ లాంప్ ఒక పక్క నుంచి పెట్టాడు. "ఊపిరి అందడం లేదు" అన్న చోట లాంప్ ఆర్పి, కాసేపు ఆగి, మళ్ళీ వెలిగించి "అప్పుడు ప్రభువు" అని ఎత్తుకోవాలి. దేవుని మహిమ కోసమే కదా అని నేనూ ఒప్పుకున్నాను.

సాక్ష్యం అద్భుతంగా సాగింది. "ఒంటరిగా ఈ గదిలో పడుకుని ఉన్నాను. ఒళ్ళు కాలుతోంది. ఎవరికీ చెప్పలేదు" అంటుంటే చిన్న చిన్న గడుల్లో మొహాలన్నీ తెరకి దగ్గరగా వచ్చాయి. "ఊపిరి... అందడం లేదు" అన్నాను. లాంప్ ఆరిపోయింది. ఆగాను.

ఆ ఆగడం దగ్గరే అంతా చెడింది. "తమ్ముడి కోసం మొర పెడదాం" అని అన్నయ్య గొంతు వినిపించింది. నా ఆయాసం ప్రార్థనకి అడ్డం రాకుండా (అది నటన అని ఆయనకేం తెలుసు) నా మైకు మూసేశాడు, మిగతావాళ్ళవన్నీ తెరిచాడు. మనవాళ్ళు ఒక్కసారి గొంతెత్తి మొరపెట్టడం మొదలుపెడితే ఎలా ఉంటుందో తెలియనిదేం కాదు. అందరూ ఒకేసారి, కళ్ళు గట్టిగా మూసుకుని, కన్నీళ్ళతో. నేను లాంప్ వెలిగించాను, చేతులూపాను, లేచి గంతులేశాను. ఒక్క కన్నూ తెరుచుకోలేదు. బతికే ఉన్నానని చాట్‌లో రాశాను. ఎవరు చూస్తారు? అక్కకి ఫోన్ చేస్తే బిజీ. గడిలో చూస్తే ఆమె ఒక్కతే కళ్ళు తెరిచి, ఫోన్ చెవిన పెట్టుకుని జర్మన్‌లో మాట్లాడుతోంది. క్రిస్మస్‌కి నాకు అరిసెలు పంపింది కాబట్టి మా అడ్రసు ఆమెకి కంఠస్థం.

"అంబులెన్స్ పిలుస్తున్నది" అన్నాడు డైరెక్టర్, నవ్వడం మానేసి.

వాళ్ళు వచ్చి మళ్ళీ గదిలో పెట్టేస్తే ల్యాబ్ పోయినట్టే. కుర్చీ కాలు విరిగిందని నాకొక్కడికే తెలుసు, కూర్చోబోతున్నది కూడా నేనే. డైరెక్టర్ లాంప్ తీసెయ్యబోయి దాన్ని కింద పడేశాడు, బల్బు పగిలింది. చీకట్లో షట్టర్ తాడు వెతుక్కుంటూ ఉండగానే సైరన్ మా వీధిలోకి తిరిగింది, మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. మెట్లు ఊరికే ఎక్కడానికి ఉండవని అప్పుడు నమ్మాను.

తల నుంచి కాళ్ళదాకా తెల్లటి రక్షణ సూట్లు వేసుకుని అంబులెన్స్‌వాళ్ళు ఇద్దరు వచ్చారు. చీకటి గది, కింద గాజుముక్కలు, లాప్‌టాప్‌లోంచి ఎవరినో చంపుతున్నట్టు కేకలు. ఎవరు అరుస్తున్నారని పొడుగాయన అడిగాడు. ప్రార్థన అన్నాను. రోగి ఎవరని అడిగాడు. నేనే, కానీ కాదు అన్నాను. డైరెక్టర్ తనకొచ్చిన జర్మన్‌లో ఇదంతా సినిమా పద్ధతి అని వివరించబోయాడు, దాంతో ఆయన చూపు ఇంకా కఠినమైంది. నా వేలికి క్లిప్పు పెట్టాడు. ఆక్సిజన్ బాగుంది కానీ నాడి మరీ వేగంగా ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్ళాలేమో అన్నాడు. ఆ మాటకి నాడి ఇంకా పెరిగింది. భయం వల్ల సార్ అంటే, దేనికి భయం అన్నాడు. మీరంటేనే అని ఎలా చెప్పను?

ఆయన విసుగొచ్చి, కేకలు ఎక్కణ్ణుంచో చూద్దామని లాప్‌టాప్ మీదికి వంగాడు. సరిగ్గా అప్పుడు అన్నయ్య ఆమెన్ అన్నాడు. అందరూ కళ్ళు తెరిచారు. నా గడిలో చిమ్మచీకటి, మధ్యలో తెర వెలుగు పడి ధగధగలాడుతున్న తెల్లటి ఆకారం.

పెద్దమ్మ గొంతు ఒక్కటే వినిపించింది, చాలా మెల్లగా. "అమ్మాయ్, చూడవే. దూతని పంపాడు."

అన్నయ్య నా మైకు తెరిచాడు. దూత నమస్కారంగా "గూటెన్ టాగ్" అన్నాడు.

"జర్మన్ మాట్లాడుతున్నాడే" అంది పెద్దమ్మ.

"ఈ దేశానికి పంపితే ఇంకేం మాట్లాడతాడమ్మా" అంది అక్క, ఏడుస్తూనే.

నేను ముందుకి దూకి, జబ్బు తగ్గి చాలా రోజులైంది, ఇది సాక్ష్యం, చివర మిగిలిపోయింది అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అక్క జర్మన్‌లో ఆయనకి క్షమాపణ చెబుతూ, సాక్ష్యం అంటే ఏమిటో కూడా చెప్పింది. ఆయన కాసేపు ఆ గడుల్లోని తడి కళ్ళని చూశాడు. వీళ్ళంతా నీ బంధువులా అని అడిగాడు. కాదన్నాను. ఈ వారం తాను తలుపులు తీయించిన ఇళ్ళలో, లోపలి మనిషి గురించి అడిగే దిక్కే లేదన్నాడు. మళ్ళీ క్లిప్పు పెట్టాడు. నాడి దిగింది. రేపు ల్యాబ్‌కి వెళ్ళొచ్చా అని అడిగాను. "వెళ్ళు. మెట్లు మెల్లగా ఎక్కు" అన్నాడు.

వెళ్ళాను. చోటు దక్కింది, థీసిస్ అయింది, ఇప్పుడు బెర్లిన్‌లో ఉద్యోగం. పెద్దమ్మ మాత్రం ఆ దూత సాక్ష్యాన్ని ఇప్పటికీ చెబుతుంది. తెల్లబట్టల దగ్గర ఆగి, అందరి మొహాలూ ఒకసారి చూసి, ఆ తర్వాతే ముందుకి వెళ్తుంది. నాకు ఎవరూ నేర్పించలేకపోయిన ఆ ఆగడం ఆమెకి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆమెని నేనెప్పుడూ సరిదిద్దలేదు. ఆ లాంప్ వెలుగులో గంతులేస్తున్న అప్పటి నన్ను, ఆ బక్క కుర్రాణ్ణి, తలుచుకుంటే నవ్వొస్తుంది. అతని కోసం కళ్ళు మూసుకున్నవాళ్ళని తలుచుకుంటే నాకూ కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది.

మీరూ నాతో ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. తలుపు అవతల ఎవరికీ చెప్పుకోని మనుషులు ఈ రోజు కూడా ఉన్నారు. ప్రభువా, వాళ్ళ మెట్ల మీద ఎవరివైనా అడుగులు వినిపించనీ. ఆ అడుగులు మావైతే, మమ్మల్ని ఆలస్యం చేయనీయకు. ఆమెన్.