చదివి వినిపించడమైనది

చెన్నైలోని పాత దస్త్రాల కార్యాలయంలో ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చినప్పుడు నేను మొదట చూసింది తేదీ. మూడేళ్ళుగా తిరుగుతున్నది దాని కోసమే. తేదీ రాసుకుని, కట్ట సంఖ్య రాసుకుని, పెన్సిల్ పక్కన పెట్టిన తర్వాతే కాగితం అడుగున ఉన్న వేలిముద్ర కనిపించింది.

ఎవరి తేదీయో చెప్పాలి. మా తాతకు ఒక తమ్ముడు ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాళంలో చేరి బర్మా వైపు పోయాడు. తుపాకీ పట్టిన సిపాయి కాదు. అడవి కొట్టి రోడ్లు వేసే దళంలో కూలి. పోయేనాటికి ఆయనకు ఒక్కతే కూతురు, ఇంకా మాటలు సరిగా రాని పిల్ల. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి, ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. మనిషి తిరిగి రాలేదు. పోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయన భార్య బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. నేను ఆమెను చిన్నవ్వ అనేవాణ్ణి. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా ముత్తయిదువగా ఆమెకు పిలుపు వచ్చేది. ముసలితనంలో ముత్తయిదువగానే పోయింది. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "చిన్నవ్వ కాలం చేసింది. ఊరి ఆడవాళ్ళు వరసగా వచ్చి ఆమె నొసటి కుంకుమ తీసుకుని పెట్టుకున్నారు. ఎండ జాస్తి. సాయంత్రం బస్సుకు నెల్లూరు చేరాను."

ఆమె పోయాకే మా నాయన మహాలయ అమావాస్య నాడు పెద్దలకు పెట్టేటప్పుడు చిన్నతాత పేరు కూడా చేర్చాడు. తిథి తెలియని వాళ్ళందరికీ ఆ రోజే కదా. నాయన తర్వాత ఆ పని నాకు వచ్చింది.

చిన్నతాత కూతురు మా అత్త. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే మా సొంత పల్లెలోనే, కొడుకు దగ్గర ఉంటుంది. ఎనభై అయిదు దాటాయి. మూడేళ్ళ కిందట నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"అబ్బయా, ఆఫీసుల్లో బతికినోడివి. మా నాయన ఏ తిథిన పోయినాడో కనుక్కోలేవా? అందరి నాయన్లకీ ఒక రోజు ఉండాది. మా నాయనకి గుంపులో కలిపి పెడతా ఉండావు. నేను పొయ్యేలోపల ఒక్కసారి ఆయన రోజున ఆయనకి పెట్టుకోవాల."

ఆ పైన ఎప్పుడూ అనే మాట అనింది. "ఆ సర్కారోళ్ళు చూడు, అంత మనిషిని తీసకపోయి, ఒక్క ముక్క రాసి పంపిచ్చలేదే."

ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా చేశాను. కాగితాలు వెతకడం నాకు కొత్త కాదు. యుద్ధంలో పోయినవాళ్ళ జాబితాలు ఇంటర్నెట్‌లో చూశాను. ఆయన పేరుగలవాళ్ళు చాలామంది కనిపించారు. తండ్రి పేరు కలిస్తే ఊరు కలవదు, ఊరు కలిస్తే దళం కలవదు. ఉత్తరాలు రాశాను. ప్రతి ఉత్తరానికీ ఒక నంబరు వేసుకున్నాను. రెండేళ్ళు గడిచాక ఒక సంగతి తట్టింది. పట్టాళం కాగితాల్లో వెతకడం ఎందుకు? మరణవార్త పంపి ఉంటే అది జిల్లా నుంచి తాలూకాకు, తాలూకా నుంచి ఊరికి దిగి ఉంటుంది. కిందికి పోయిన కాగితం ముట్టినట్టు సంతకంతో మళ్ళీ పైకి రావాలి. నా ఉద్యోగమంతా ఆ సంతకాల కోసం ఎదురు చూడడమే. అప్పుడు మనది మద్రాసు రాజధాని కాబట్టి చెన్నైకి పోవడం మొదలుపెట్టాను. పొద్దున బండి తడ స్టేషన్ దాటిందంటే చాలు, నా కాలు ఊగడం మొదలయ్యేది. ఎదుటి సీటువాళ్ళు కాళ్ళు ముడుచుకునేవాళ్ళు.

ఏడోసారి పోయినప్పుడు దొరికింది.

ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వాక్యాలు. పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ కలిశాయి. అస్సాంలో ఒక ఆసుపత్రి, జ్వరం, తేదీ. భార్య పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చని చివరి వాక్యం. దాని కింద ఊరి కరణం తెలుగులో రాసిన ముక్క: "పై సంగతి చదివి వినిపించి, భావం తెలియపరచి, ఫలానా వారి భార్య వేలిముద్ర తీసుకోవడమైనది." వేలిముద్ర. పక్కన సాక్షి సంతకం. చివరి అక్షరం తోక కిందికి లాగి ఉంది. మా పొలం కాగితాల మీద ఆ సంతకం చూస్తూ పెరిగాను. మా తాతది.

సర్కారు వాళ్ళు రాసి పంపారు. అది మా ఇంటికి వచ్చింది.

నకలుకు దరఖాస్తు పెట్టి బయటికి వచ్చాను. బస్సెక్కకుండా సెంట్రల్ దాకా నడిచాను. ఎండలో ఎందుకు నడిచానో డైరీలో కూడా రాయలేకపోయాను.

ఇంటికి వచ్చిన తర్వాత రెండు నెలలు నాకు కుదురు లేదు. వరండాలోకి పోతాను, లోపలికి వస్తాను, టపాలో వచ్చిన నకలు బయటికి తీస్తాను, మళ్ళీ పెడతాను. నా భార్య చూసి చూసి అడిగేసింది.

"రిటైరైనోళ్ళు కుర్చీలో కూర్చుంటారని విన్నాను. మీరేంది, బోనులో పులి మాదిరి? ఆ కాయితంలో ఏముండాదో అత్తకి చెప్పేసి రాకూడదా?"

"తేదీ చెప్తే సరిపోదు. కాగితం మీకు రాలేదా అని ఆమె అడగదా?"

"అడిగితే వచ్చిందని చెప్పండి."

"వచ్చిందంటే చిన్నవ్వకు తెలిసినట్టే కదా. తెలిసీ ముప్పై ఏళ్ళు బొట్టు పెట్టుకుని పెళ్ళిళ్ళలో తిరిగినట్టు."

నా భార్య చేతిలో చీపురు ఆగిపోయింది. "అమ్మో," అనింది. చీపురు గోడకు ఆనించి, "వేలిముద్ర వేసినంత మాత్రాన తెలిసినట్టేనా?" అనింది.

నన్ను కూర్చోనీయనిది సరిగ్గా అదే. "చదివి వినిపించడమైనది" అనే మాట నేను నా చేత్తో ఎన్నిసార్లు రాసి ఉంటానో లెక్క లేదు. చదువు రానివాళ్ళ దస్తావేజు మీద ఆ మాట లేకపోతే చెల్లదు. అందుకే రాసేవాళ్ళం. చదవడానికి తీరిక ఉన్న రోజు చదివేవాళ్ళం. మంచి ముహూర్తం ఉన్న రోజుల్లో ఆఫీసు వాకిలి దాకా జనం. అట్లాంటి ఒక రోజు ఒక ముసలామె బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీద పెట్టబోయి ఆపింది. "ఏం రాసుండాదయ్యా ఇందులో?" అని అడిగింది. "అంతా సరిగ్గానే ఉందమ్మా, వెయ్యి," అన్నాను. ఆమె వేసింది. ఆ దస్తావేజు మీద కూడా నేను ఆ మాటే రాశాను. ఇప్పుడు ఎవరైనా ఆ కాగితం తీస్తే, ఆమె అంతా తెలిసే వేలిముద్ర వేసిందని అనుకుంటారు.

కరణం చదివాడా? చదివితే చిన్నవ్వ విన్నదా? లేక మా తాత అన్నీ తెలిసి, ఆమెకు చెప్పనీయకుండా వేలు మాత్రం వేయించాడా? ఒక దారిన పోతే అత్త వాళ్ళమ్మ దాచింది. ఇంకో దారిన పోతే మా తాత దాచాడు. పింఛను అర్జీ దొరికితే తేలుతుంది. అర్జీ పెట్టాలంటే తాను విధవనని ఆమె ఒప్పుకోవాలి. దాని కోసం ఇంకో రెండుసార్లు చెన్నై పోయాను. అర్జీ లేదు. పెట్టకపోవడానికి కూడా రెండు కారణాలూ సరిపోతాయి.

చివరికి పాత పంచాంగం సంపాదించి, తేదీని తిథిగా మార్చి, తెలిసిన అయ్యవారి చేత ఒకసారి సరిచూపించుకుని, విడవలూరు బస్సెక్కాను. తిథి మాత్రం చెప్పాలి, కాగితం సంగతి ఎత్తకూడదు అని దారి పొడుగునా చెప్పుకున్నాను. అయినా నకలు సంచిలో పెట్టుకునే బయలుదేరాను.

అత్త వరండాలో చింతపండు గింజలు తీస్తూ ఉంది.

"తిథి దొరికిందత్తా."

చేతులు ఆగాయి. "చెప్పు."

మాసం, పక్షం, తిథి చెప్పాను. మూడుసార్లు పైకి అనుకుంది. అవి ఇక్కడ రాయను.

"దెబ్బ తగిలిందా?"

"లేదత్తా. జ్వరం. ఆసుపత్రిలో."

"పక్కన ఎవురన్నా ఉండారా?"

"ఆసుపత్రి కదా, ఉండుంటారు."

"నీకు దెలుసా, ఊరికే అంటా ఉండావా?"

"ఊరికే అంటా ఉండా."

"అట్ట చెప్పు," అని మళ్ళీ చింతపండు తీసుకుంది. రెండు గింజలు తీసి, "ఇంత వివరంగా రాసిపెట్టుకున్నోళ్ళు, మా ఇంటికి ఒక్క ముక్క పంపిచ్చలేదే," అనింది.

బస్సులో అనుకున్నదంతా ఎటు పోయిందో. "పంపించినారత్తా," అన్నాను.

నకలు తీసి ఆమె చేతికి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. వేలిముద్ర మీద వేలు పెట్టి, "ఇదెవురిది?" అనింది.

"చిన్నవ్వది."

"పక్కన ఈ గీతలు?"

"మా తాత సంతకం. సాక్షి."

నేను కూర్చోలేక లేచి నిలబడ్డాను. "ఇది చిన్నవ్వకు చదివి చెప్పినారో లేదో తెలియడం లేదత్తా. మా తాతన్నా చెప్పి ఉంటాడా?" అన్నాను.

అత్త నవ్వింది. "మీ తాతా? మా అమ్మతో ఏనాడన్నా ఎదురుగా నిలబడి మాట్లాడినాడా ఆయన? తమ్ముడి పెళ్ళాం కదా. ఆయన వాకిట్లోకి వస్తే మా అమ్మ తలుపు ఎనక్కి పోవాల్సిందే. ఏదన్నా చెప్పాలంటే నన్ను మధ్యలో నిలబెట్టి 'మీ అమ్మకి చెప్పుమ్మే' అనేటోడు. ఆమె ఆడనే తలుపు ఎనక నిలబడి వింటానే ఉంటాది! అయినా నేను మళ్ళీ చెప్పాల."

నవ్వు మధ్యలో ఆగింది. కాగితం వైపు చూసింది.

"తలుపు సందులోంచి చెయ్యి బయట పెట్టింది," అనింది నెమ్మదిగా. "ఒక్క చెయ్యే. కరణం బొటనేలికి సిరా పూసినాడు. అది దీనికేనేమో. కరణం ఏందో సదివినాడబ్బయా. ఇంగ్లీషులో సదివినాడు. ఆ మాటలు వింటే నాకు నవ్వొచ్చింది. నవ్వినా. మీ తాత నన్ను గదిమినాడు. ఆయన ఎప్పుడూ గదమడు."

"తర్వాత తెలుగులో చెప్పలేదా?"

"గుర్తు లేదు. నేను నవ్వింది గుర్తుండాది."

"బాగా ఆలోచించి చూడత్తా."

"నీ ఆఫీసనుకున్నావా? గుర్తు లేదంటే లేదు." మళ్ళీ చింతపండు మీదికి వంగింది. తనలో తాను అనుకున్నట్టు అనింది. "టపా మనిషి వీధిలోకి వస్తే చాలు, మా అమ్మ నన్ను తరిమేది. 'పోయి అడుగు, పోయి అడుగు' అని. ఆ తర్వాత..." గింజ ఒకటి దూరంగా విసిరింది. "ఆ తర్వాత తరమలా."

"అంటే చిన్నవ్వకు..."

"గమ్మునుండు."

లోపల ఏదో వండుతున్న కోడలి గిన్నెల చప్పుడు. అత్త గొంతు తగ్గించింది.

"నా పెండ్లిలో తాళి మొదట ఆమే కండ్లకద్దుకుంది. ఈ వీధిలో సగం మంది ఆడోళ్ళకి ఆమె చేత్తోనే నలుగు పెట్టించినారు. వాళ్ళు మనవళ్ళనెత్తినారు, సల్లగా ఉండారు. ఇప్పుడు నువ్వు ఈ కాయితం తీసకపోయి..."

"ఎవరికీ చూపించను."

"పుస్తకంలో రాస్తావు కదా. నీకు రాయకపోతే అన్నం అరగదు."

"రాస్తాను," అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"పేర్లు రాయమాక."

నకలు మడిచి తన రొండిన దోపుకుంది. తిరిగి ఇవ్వమని నేను అడగలేదు. నా దగ్గర దానికి ఇంకో ప్రతి లేదు.

"మరి తిథి సంగతి?" అన్నాను.

"పెట్టుకుంటా. అమావాస్యకి నువ్వు పెట్టేది పెట్టు, అది ఊరికి. ఇది నాది. అయ్యవారు వద్దు, చుట్టాలు వద్దు. పిలిస్తే ఇన్నాళ్ళకి తిథి యాడ దొరికిందంటారు. ఒక విస్తరేసి పెట్టుకుందాం. నువ్వు రా."

ఆ రోజు రావడానికి ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి. ఆ నాలుగు నెలలూ ఆమె ఆరోగ్యం గురించి నేను ఎన్నిసార్లు ఫోన్ చేశానంటే, ఆమె కొడుకు విసుక్కుని, "ఏం బావా, మా అమ్మకి ఏదన్నా అయితే నేను చెప్పనా?" అన్నాడు. తిథి ముందు రోజు కూడా పంచాంగం తీసి చూశాను. ఎక్కడైనా తప్పు లెక్క వేశానేమోనని, ఒక్క రోజు అటూ ఇటూ అయితే ఆమెకు మళ్ళీ ఏడాది ఉందో లేదోనని.

పొద్దున్నే పోయాను. కోడలిని పుట్టింటికి పంపేసింది. కొడుకు చేలో ఉన్నాడు. పప్పు, వంకాయ కూర, పాయసం, గారెలు. ఆ వయసులో ఒక్కతే చేసింది.

"ఆయన ఏం ఇష్టంగా తినేవాడో ఆ కాయితాల్లో ఉండాదేమో చూడలేదా?" అని అడిగింది.

"అవన్నీ రాయరత్తా."

"మరి ఏం కాయితాలయ్యా అవి?"

లోపలి గదిలో విస్తరి వేసింది. అన్నీ వడ్డించి, నీళ్ళు విడవమని నాకు చెంబు ఇచ్చింది. నేను నీళ్ళు విడిచాను. ఆమె విస్తరి ముందు కూర్చుని, "నాయనా," అనింది. అంతే. ఆ మాటతో ఆమె ఎవరినీ పిలిచి ఉండదు. ఆయన్ను పిలిచి ఉన్నా, అప్పటికి గుర్తుండే వయసు కాదు.

సరిగ్గా అప్పుడే వీధి వాకిట్లో అడుగుల చప్పుడు. ఎదురింటి ఆమె. డెబ్బై దగ్గర పడిన మనిషి, నొసటన పెద్ద కుంకుమ బొట్టు. ఆమె పెళ్ళికి చిన్నవ్వ నలుగు పెట్టింది. ఆ పెళ్ళి నాకు గుర్తుంది.

"ఏందక్కా, గారెల వాసన వీధి కొసకి వస్తా ఉండాది! ఏం పండగ?" అంటూ నడవలోకి వచ్చేసింది.

అత్త లేచి గది తలుపు దగ్గరికి వేసింది. ఏం చెప్పాలో అనుకోలేదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తూ ఉంది.

"పండగ కాదమ్మా," అన్నాను. "నేనే అడిగాను. అత్త చేతి గారెలు తిని చాన్నాళ్ళయిందని."

"ఈ వయసులోనా సారూ!" అని ఆమె పడీ పడీ నవ్వింది. "పెద్దామెని పొయ్యి కాడ కూర్చోబెట్టి! సిగ్గుండొద్దా? సరే, చేసింది ఎటూ చేసింది, నాకూ రెండు పెట్టక్కా."

అత్త నా వైపు చూడలేదు. వంటింట్లోకి పోయి, విస్తరిలోకి తీసినవి కాకుండా, గిన్నెలో మిగిలినవి రెండు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.