మోటారు స్విచ్‌కి అడ్డంగా

విజయనగరంలో మేం అద్దెకున్న అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య ఆవిడ. ఎవరేమన్నా "ఏటవుతాది లెండి" అని నవ్వేసేది.

ఆ వేసవిలో నీళ్లు కరువై, అపార్టుమెంటు సెక్రటరీ ఆ వాచ్‌మన్ గది కుళాయికి తాళం వేయించాడు. ట్యాంకరు వాళ్లు కింద సంపులో పోసిన నీళ్లన్నీ మోటారుతో మా అంతస్తులకే ఎక్కేవి. మూడో రోజు ఆవిడ మోటారు స్విచ్‌కి అడ్డంగా నిలబడింది.

"మా పాపకి విరేసనాలు బాబూ. రెండు బిందెలు పట్టినాకే మోటారెయ్యండి."

"తప్పుకో! గది ఖాళీ చేయిస్తాను" అన్నాడు సెక్రటరీ.

"సేయించండి. నీల్లు మాత్రం పడతాను."

మెట్ల మీద నిలబడ్డ మాలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆవిడ సంపులోంచి రెండు బిందెలు నింపుకునే వెళ్లింది.

వారం తిరక్కుండానే వాళ్లను పంపేశారు. ఆటోలో సామాను సర్దుతూ ఆవిడ నాతో, "ఆ రోజు మీరైనా ఒక మాట సెప్పుంటే బాగుండేదమ్మా" అంది.

కోలుకున్న పాప ఆటోలోంచి నాకు చెయ్యి ఊపింది.