బెల్టు గురించి అన్నయ్య అభిప్రాయం

మా అన్నయ్యకి అన్నిటి మీదా అభిప్రాయాలుండేవి. టైపింగ్ మాత్రం రాదు. అందుకని ఆదివారం పొద్దున టిఫిన్ అవగానే నన్ను పటమటలో ఉన్న నెట్ సెంటర్‌కి లాక్కెళ్ళేవాడు. నేను కంప్యూటర్ ముందు, తను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో. తను చెప్పేవాడు, నేను కొట్టేవాణ్ణి.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. తెలుగువాళ్ళు కార్ల గురించి కబుర్లు చెప్పుకునే సైటు ఒకటుండేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళు, ఎవరి అసలు పేర్లూ ఉండేవి కావు. మేం పెట్టుకున్న పేరు 'బందరుకాలవ'. అన్నయ్య చేపల చెరువులకి మోటార్లు అమ్మేవాడు. వారంలో ఆరు రోజులు సెకండ్ హ్యాండ్‌లో కొన్న తెల్ల కారులో కాలవగట్ల మీద తిరుగుడే. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసేవాణ్ణి.

కార్ల సైటన్న మాటే గానీ అక్కడ మాట్లాడుకోని విషయం లేదు. "కెమెరా ఫోను కొనేవాడికి మాట్లాడటానికి మనుషులు లేరని రాయి" అనేవాడు అన్నయ్య.

"తిడతారు."

"తిట్టనీ. ఆదివారమేగా."

కంప్యూటర్లు ముఖ్యమా, రైతుకి ఉచిత కరెంటు ముఖ్యమా అని అందరూ వాదించుకునే రోజులవి. అన్నయ్య ఒక వారం అటు, ఒక వారం ఇటు. పోయిన వారం ఇంకోలా చెప్పావు కదా అంటే, "పోయిన వారం మనింట్లో కరెంటుంది" అనేవాడు. వరంగల్ ఆయన ఒకడు ప్రతి మాటకీ అడ్డం వచ్చేవాడు. ఆయన ఇంకా రాలేదంటే అన్నయ్యకి లేవబుద్ధయ్యేది కాదు.

ఒకసారి ఎవరో కొత్తగా కారు కొంటూ, సీటు బెల్టు నిజంగా అవసరమా అని అడిగారు. మా వైపు దీనికి జవాబు అందరికీ తెలుసు. కాలవగట్టు మీద బెల్టు పెట్టుకోకూడదు. ఏటా ఎక్కడో ఒక కారు కాలవలో పడుతుంది. మర్నాడు పేపర్లో దాన్ని తాళ్ళతో పైకి లాగుతున్న ఫోటో వస్తుంది. ఆ ఫోటోలు చూస్తూ పెరిగినవాళ్ళం. అన్నయ్య చెప్పింది ఇంతే: "గట్టు మీద బెల్టు వద్దు, పడితే విప్పుకోలేం. పవర్ విండోలూ వద్దు, నీళ్ళలో పనిచెయ్యవు. చేత్తో తిప్పే అద్దాలే మేలు."

"మరీ పొడిగా ఉందన్నయ్యా."

"తడిసే విషయమే కదరా, పొడిగా ఉంటే ఏం? నువ్వు చదివిన పుస్తకాలేమైపోయినై, నాలుగు ముక్కలు కలుపు."

కలిపాను. "బెల్టు కట్టుకోవటానికి ఒక్క క్షణం చాలు. విప్పుకోవటానికి కాలవ ఆ ఒక్క క్షణం ఇవ్వదు" అని రాశాను. అన్నయ్య రెండుసార్లు పైకి చదివించుకున్నాడు. "ఒరేయ్, అచ్చం నేనన్నట్టే ఉందిరా" అన్నాడు.

ఆ రెండు వాక్యాలు అక్కడ అందరికీ తెగ నచ్చాయి. కొందరు తమ పేరు కింద అవే పెట్టుకున్నారు. సైటు నడిపేవాళ్ళు ఆ పోస్టుని పేజీకి పైన, ఎప్పుడు తెరిచినా మొదట కనబడేలా ఉంచారు. ఉయ్యూరు దగ్గరుంటానని చెప్పుకునే ఒకాయన ఇలా రాశాడు: "మీ మాట చదివాక మా కారు బెల్టులు కత్తిరించేశానండి. పిల్లల్ని రోజూ గట్టు మీదుగానే స్కూల్లో దింపాలి. చాలా థాంక్సండి." ఆ రోజు అన్నయ్య ఇంటికి వెళ్ళి వదినకి కూడా చెప్పాడు. "చూశావా, మన మాట విని జనం బాగుపడుతున్నారు." వదిన పప్పు రుబ్బుతూ, "ఇంట్లోవాళ్ళు బాగుపడేదెప్పుడో" అంది.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం, కంకిపాడు దాటాక, వరిగడ్డి ట్రాక్టరు ఒకటి వెనక లైటు లేకుండా రోడ్డు మీద ఆగి ఉంది. అన్నయ్య దగ్గరికొచ్చాక చూశాడు, బ్రేకు వేశాడు. పెద్ద స్పీడు కూడా లేదన్నారు. కారు ముందుభాగం కొంచెమే నొక్కుకుపోయింది. అన్నయ్య ఛాతీ స్టీరింగుకి కొట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "బెల్టు పెట్టుకుని ఉంటే రేపో ఎల్లుండో ఇంటికి పంపేవాళ్ళమండి" అన్నాడు. రోడ్డు పక్కనే కాలవ ఉంది. వేసవికి కాలవలు కట్టేశారు. అందులో నీళ్ళు లేవు.

పదకొండో రోజు బంధువులంతా వెళ్ళాక వదిన నన్ను అడిగింది.

"ఆ బెల్టు మాట ఇంకా అందులో ఉందా?"

"ఉంది."

"తీసెయ్యవయ్యా. ఇంకెవరన్నా చదువుతారు."

అది నేను రాసిందని వదినకి తెలుసో తెలియదో అడగలేదు.

మర్నాడే నెట్ సెంటర్‌కి వెళ్ళాను. పాస్‌వర్డ్ నాకు తెలుసు. కానీ పాత మాటలు మార్చటం మన చేతిలో లేదు, సైటు నడిపేవాళ్ళే మార్చాలి. వాళ్ళకి రాశాను. రెండోరోజూ రాశాను. జవాబు లేదు. ఇక ఆ పోస్టు కిందే, అదే పేరుతో, "ఈ పేరుతో మాట్లాడేది మా అన్నయ్య. ఆయన పోయారు. బెల్టు పెట్టుకోలేదు" అని రాశాను.

మొదట వచ్చిన జవాబు వరంగల్ ఆయనది. "యాడికి పోయిండు? కొత్త బండి కొననీకి పోయిండా?"

మా వైపు మనుషులు ఊరికి వెళ్తారు. పోయారంటే ఒకటే అర్థం. చనిపోయారని మళ్ళీ రాశాను. ఆయన వెంటనే, "మాఫ్ చెయ్యన్నా. మా దిక్కు పోవుడంటే ఊరికి పోవుడే. ఆయనతోని లొల్లి పెట్టుకోని ఆదివారం లేకుండె" అన్నాడు. తర్వాత చాలామంది సంతాపం చెప్పారు. మంచి మనిషన్నారు, ఆయన మాట ఎప్పటికీ మర్చిపోమన్నారు. అని ఊరుకోలేదు. ఆయన గుర్తుగా అంటూ ఒకరి తర్వాత ఒకరు ఆ రెండు వాక్యాలనే మళ్ళీ రాశారు. పేజీ కిందికి దించుతుంటే నా వాక్యాలు, మళ్ళీ నా వాక్యాలు. బెల్టు పెట్టుకోలేదని నేను రాసిన ముక్క ఎక్కడో పైన ఉండిపోయింది.

ఉయ్యూరు ఆయన పేరు పెట్టి విడిగా రాశాను. బెల్టు ఉంటే అన్నయ్య బతికేవాడని డాక్టరు చెప్పాడనీ, దయచేసి బెల్టులు మళ్ళీ పెట్టించమనీ.

"చాలా బాధగా ఉందండి" అని రాశాడు. "కానీ ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు కదండీ. ఆయన కాలవలో పడలేదు కదా."

"అసలు కాలవలో నీళ్ళే లేవండి. కట్టేసి ఉంది."

"జూన్‌లో వదులుతారు కదండీ."

నా చదువంతా మనిషికి నచ్చేలా ఒక మాట చెప్పటానికి పనికొచ్చింది. చెప్పిన మాట వెనక్కి తీసుకోవటానికి పనికిరాలేదు. ఇంకా గట్టిగా, ఇంకా బాగా రాస్తే నమ్ముతాడేమోననిపించింది. ఒకటి రాసి చూసుకున్నాను. బాగానే ఉంది. చెరిపేశాను. "డాక్టరు చెప్పిందే మీకు చెబుతున్నానండి" అని మాత్రం పెట్టి వచ్చేశాను.

వారం తిరిగాక మళ్ళీ చూస్తే ఉయ్యూరు ఆయన దగ్గర్నించి నాలుగు ముక్కలున్నాయి. "నిన్న మీరు రాసింది మా ఆవిడకి చూపించానండి. ఇంట్లో ఒకటే గొడవ. స్కూళ్ళు తెరిచేలోపు బెల్టులు పెట్టిస్తేగానీ పిల్లల్ని కారెక్కనివ్వనంటోంది. కోసిన ముక్కలు ఇంట్లోనే ఉన్నాయి. కుట్టిస్తే ఆగుతాయాండి? మీకు తెలిసినవాళ్ళని కనుక్కోగలరా?"

అప్పుడే ఆటోనగర్ వెళ్ళాను. అన్నయ్య కారుకి సీట్లు కుట్టిన ఆయన ఉన్నాడు. అన్నయ్య సంగతి ఆయనకి తెలుసు. నేనడిగింది విని, చేతిలో ఉన్న సీటు పక్కన పెట్టాడు.

"కుట్టమంటే కుడతాం మాస్టారూ. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటది. గట్టిగా ఒక్క గుంజు గుంజితే కుట్టు దగ్గరే ఊడొస్తది. ఆయన్ని కుట్టించొద్దని చెప్పండి. మొత్తం కొత్త సెట్టే వేయించాలి."

"కుట్టిస్తే అసలు లేనట్టేనా?"

"లేనట్టు కూడా కాదు. ఉందనుకుంటారు కదా, అది ఇంకా డేంజరు."

తిరిగి వచ్చేసరికి నెట్ సెంటర్‌కి తాళం వేసి ఉంది. మర్నాడు లైబ్రరీలో పుస్తకాల లెక్క చూసే పని పడింది, కదలలేకపోయాను. మూడోరోజు వెళ్ళాను. సైటు రాలేదు. తెల్లటి పేజీ, దాని మీద ఇంగ్లీషులో ఒక వాక్యం. మళ్ళీ కొట్టాను. సిస్టమ్ మార్చి కొట్టాను.

నెట్ సెంటర్ నడిపే ఆవిడ వచ్చి చూసింది. "అది మూసేసినట్టున్నారండీ. నిన్నట్నుంచి ఎవరికీ రావట్లేదు. ఇలాంటివే ఇంకో రెండు సైట్లున్నై, పెట్టమంటారా?"

ఆ రెండిట్లోనూ వెతికాను. ఉయ్యూరు ఆయన పేరు లేదు. వరంగల్ ఆయన కనబడ్డాడు గానీ, ఆయనకీ ఆ మనిషి ఎవరో తెలియదు. ఆ తర్వాత కూడా చాలా ఆదివారాలు వెళ్ళాను. ఉత్తరం రాద్దామంటే అసలు పేరు తెలియదు, ఊరు తెలియదు. ఉయ్యూరు దగ్గర అంటే ఎన్ని ఊళ్ళు. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలారు. స్కూళ్ళూ తెరిచారు.

వదిన మళ్ళీ ఒకసారి అడిగింది, తీసేశారా అని.

"మొత్తం సైటే లేదు వదినా."

"అయితే ఇంకెవరూ చదవరుగా."

"చదవరు" అన్నాను.