లోపల మనిషున్నది

మా అవ్వ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. కునుకు పట్టి కలగన్నావంటారేమో… గంటల తరబడి ఒంటికి ఆపుకున్న మనిషికి నిద్ర పడుతుందా? మీరే చెప్పండి.

నేను బస్సు కండక్టర్ని. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ పోయే రాత్రి బస్సు. నడుమ ఒక చిన్న బస్టాండులో టీ కోసం ఆపుతాం. ఊరి పేరు చెప్పను. చెబితే రేపు నన్నే పిలిచి సంజాయిషీ అడుగుతారు. అక్కడ మగవాళ్ల మరుగుదొడ్డి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పక్కనే ఆడవాళ్లది… గోడ మీద చక్కగా జడేసుకున్న బొమ్మ, తలుపుకు తాళం. ఎందుకని అడిగితే, రాత్రిపూట ఆడవాళ్లు ఎవరొస్తారన్నాడు ఆ బస్టాండు చూసుకునే కంట్రోలర్. నా బస్సు నిండా ఆడవాళ్లే. వాళ్లకు టికెట్ కూడా ఉచితం. ఎక్కే మనిషికి దిగే అవసరం కూడా ఉంటుందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

అందుకని మగవాళ్ల దాంట్లోకే పోయేదాన్ని. మా డ్రైవర్ సత్తన్న బయట నిలబడి, లోపల ఆడమనిషి ఉందని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. మంచోడే, పాపం. కానీ లోపల కూర్చుని ఆ చాటింపు వినడం ఎట్లా ఉంటుందో మీకు చెప్పినా అర్థం కాదు. దాంతో డ్యూటీ రోజు నీళ్లు తాగడమే మానేశాను. ఒకసారి జ్వరం, మంట. ఇంకోసారి అదే. ఇట్లాగే చేస్తే కిడ్నీలు పోతాయని డాక్టరమ్మ గట్టిగా తిట్టింది. అప్పటి నుంచి భయం పట్టుకుంది నాకు.

ఆ రాత్రి చలి చంపేస్తోంది. చలికి ఇంకా ఎక్కువొస్తుంది కదా. బస్సు దిగేసరికి బస్టాండులో కరెంటు లేదు. సత్తన్న టీ కొట్టుకు పోయాడు. మగవాళ్ల వైపు నలుగురు తాగి, పడీపడీ నవ్వుతున్నారు. ఇటు వస్తవా అని నన్ను చూసి ఒకడు కూశాడు కూడా. నేను గోడ పట్టుకుని చీకట్లో ఆడవాళ్ల తలుపు దాకా నడిచాను. తీశారేమోనన్న ఆశ, అంతే.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఏ తలుపుకూ గడియ సరిగా ఉండదు కాబట్టి ఎవరూ తోసుకుని పోరు. బయటివాళ్లు తడతారు. లోపల ఎవరైనా ఉంటే "మనిషున్నది" అని పలుకుతారు. ఆ అలవాటు కొద్దీ తట్టాను.

లోపల నుంచి… మెల్లగా…

"మనిషున్నది. జర ఆగక్కా."

సరేనని ఆగాను. హమ్మయ్య, తీశారన్నమాట అనుకున్నాను. లోపల నీళ్లు పోసిన చప్పుడు. గాజుల చప్పుడు… ఆగి… మళ్లీ గాజులు. ఎంతకూ రాదే! ఇక నా వల్ల కాక తలుపు మీద చెయ్యి వేశాను. వేళ్లకు ఏదో చల్లగా తగిలింది. తడిమాను. గుండ్రంగా… బరువుగా…

తాళం. బయట వేసిన తాళం అట్లాగే ఉంది.

దయ్యమనుకోలేదు నేను. అంత తీరిక ఎక్కడిది? ఏ వెధవో ఆడపిల్లను లోపలేసి తాళం పెట్టాడనుకున్నాను. మనుషుల మధ్య బతికేవాళ్లకు ముందు అదే తోస్తుంది. కేకలు పెట్టాను. కంట్రోలర్ టార్చీ పట్టుకుని వచ్చాడు. పాత సామాను వేసి ఎప్పుడో తాళం పెట్టామని, తాళంచెవి కూడా లేదని, నాకు పరేషాన్ ఎక్కువై ఏదో విన్నానని నవ్వాడు. నేను సత్తన్నను పిలిచాను. టైరు విప్పే రాడ్డుతో తాళం పగలగొట్టించాను. తాగినవాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

తాళం కింద పడింది. సత్తన్న తలుపు నెట్టాడు. రాలేదు. భుజంతో నెట్టాడు. రాలేదు.

"లోపల గడియ పెట్టున్నది," అన్నాడు.

అప్పుడు… లోపల… తుప్పు పట్టిన గడియ… కీచుమంటూ… కొంచెం జరిగి ఆగింది. మళ్లీ కొంచెం. తలుపు దానంతట అదే జానెడు తెరుచుకుంది.

మగవాళ్లు ఒక్కరూ నిలబడలేదండీ. కంట్రోలర్ టార్చీ పారేసి పోయాడు. అడవి దారిలో ఒంటిగా బండి నడిపే సత్తన్న కూడా బస్సెక్కి కూర్చున్నాడు. నేను టార్చీ తీసి లోపలికి వెలుగు వేశాను. విరిగిన కుర్చీలు, చిరిగిన ఫ్లెక్సీలు, గోడల పొడుగునా సిమెంటు సంచులు. మనిషి లేదు. మనిషి దాక్కునే చోటు లేదు. పైన చిన్న కిటికీ, దానికి ఊచలు. నల్లా తిప్పి చూశాను, చుక్క రాలేదు. కానీ మూలన తొట్టి దగ్గర నేల కడిగినట్టు తడిగా ఉంది.

భయం వేయలేదని అనను. అయినా ఒక మాట చెబుతాను, నవ్వితే నవ్వండి. లోపలికి పోయి, గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఆ బస్టాండులో చాటింపు లేకుండా, నవ్వులు లేకుండా, ఎవడు తోస్తాడోనన్న భయం లేకుండా కూర్చున్నది అదే మొదటిసారి. ఏడుపొచ్చింది నాకు.

బయటికి వచ్చేసరికి బస్సులోని ఆడవాళ్లంతా దిగి తలుపు ముందు లైను కట్టి ఉన్నారు. అన్నీ విన్నారు వాళ్లు. ముందున్న ముసలమ్మను ఆపి, లోపల ఏదో ఉందవ్వా అన్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"దయ్యమైతే దయ్యం బిడ్డా. ఆడిదే గదా," అని లోపలికి పోయింది.

మళ్లీ వారం నా డ్యూటీ పడింది. ఆ తలుపుకు కొత్త తాళం, దాని మీద ఇంకో తాళం. తలుపు మీద ఎవరో నిమ్మకాయలు కట్టి, పసుపు కుంకుమ పూశారు. దయ్యానికి చేసిన ఏర్పాటు అంత త్వరగా అయ్యింది, చూడండి.

అది ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరైనా అక్కడ చచ్చిపోయారా అని అడిగాను, లేదన్నారు. నా చెవులే మోసం చేశాయంటే, మరి ఆ గడియ ఎవరు తీశారు? సత్తన్న ఆ మాట ఎత్తితే లేచిపోతాడు.

కొత్త తాళం చూసిన ఆ రాత్రి మాత్రం అందరూ టీకి పోయాక తలుపు తట్టాను. చెవి ఆనించి నిలబడ్డాను. అక్కా అని పిలిచాను. మళ్లీ తట్టాను. ఏ చప్పుడూ లేదు. సత్తన్న హారన్ కొట్టాడు. వచ్చి నా సీట్లో, కాళ్లు దగ్గరికి ముడుచుకుని, ఆదిలాబాద్ దాకా బిగబట్టుకుని కూర్చున్నాను.